ఆసుపత్రిలో మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్ అంటకుండా రోగిని ఎలా చూసుకోవాలి?

ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో పేషెంటును తీసుకుని వరంగల్ ఎంజీఎంకో, హనుమకొండలో ఏదైనా ప్రైవేటు ఆసుపత్రికో వస్తే, పక్కన ఇంటి మనిషి ఒకరు ఉండాల్సిందే. ఇది ఆ మనిషి కోసం రాస్తున్నాను. చేరిన రెండు రోజులు దాటాక కొత్తగా జ్వరం వస్తే అది ఆసుపత్రిలో అంటినది కావచ్చు. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి బ్యాక్టీరియాలో కొన్ని పెద్ద యాంటీబయాటిక్స్‌కు కూడా లొంగవు.

1. రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు చేతులు రుద్దుకోండి. చేతికి మురికి అంటినా, రోగికి విరేచనాలు అవుతున్నా సబ్బుతోనే కడుక్కోవాలి. పక్క బెడ్ పెద్దాయన్ని లేపి కూర్చోబెట్టారా, మంచిదే. అదే చేత్తో మీవాళ్లకు అన్నం మాత్రం కలపకండి.

2. అన్నిటికన్నా ముఖ్యం పైపులు. యూరిన్ పైపు, సెలైన్ ఎక్కించే క్యానులా, ఏదైనా సరే, ఒంట్లో ఉన్నన్ని రోజులూ క్రిములకు దారే. మా నాన్నకు ఆపరేషన్ అయ్యాక యూరిన్ పైపు చాలా రోజులు అలాగే ఉండిపోయింది. అవసరమేమో అనుకుని మేమెవరం అడగలేదు. తర్వాత వణుకుతో జ్వరం, ఐసీయూ. అడగనందుకు నాకు ఇప్పటికీ బాధే. మీరు రోజూ రౌండ్స్‌లో అడగండి: “సార్, ఈ పైపు ఇంకా అవసరమా?” అంతేగానీ మీరే పీకేయకండి. యూరిన్ బ్యాగు నడుము కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు దాన్ని రోగి పొట్ట మీద పెడితే మూత్రం వెనక్కి పోతుంది. క్యానులా చుట్టూ ఎర్రబడినా, వాచినా వెంటనే సిస్టర్‌కు చూపించండి.

3. జ్వరం వస్తే, “కల్చర్ టెస్టుకు శాంపిల్ తీశారా?” అని అడగండి. ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో అందులో తెలుస్తుంది. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. పరిస్థితి సీరియస్‌గా ఉంటే డాక్టర్ అప్పటిదాకా ఆగకుండా మందు మొదలుపెడతారు, దానికి టెన్షన్ పడకండి. రిపోర్టు రాగానే మందు మార్చాలేమో అడగండి.

4. పలకరించడానికి ఆటో నిండా వచ్చే చుట్టాలకు ఫోన్‌లోనే మంచిచెడ్డలు చెప్పేయండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లను అసలు రానివ్వొద్దు.

5. ఇంటికొచ్చాక యాంటీబయాటిక్ డాక్టర్ చెప్పినట్టే వాడాలి. మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వకండి. కల్చర్ రిపోర్టును డిశ్చార్జ్ కాగితాలతో కలిపి దాచండి. మళ్లీ ఎప్పుడైనా చేర్చాల్సి వస్తే, క్యాజువాలిటీలో ముందు ఆ రిపోర్టే డాక్టర్ చేతికివ్వండి.