డెబిట్ కార్డుతో ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు ఇంకో ఖాతా తెరవండి

మా పాలకొల్లు వైపు చాలామందికి క్రెడిట్ కార్డు ఉండదండి, ఉన్నా అప్పు చేసి కొనడమేంటని ఇంట్లో పెద్దాళ్లు ఊరుకోరు. డెబిట్ కార్డు చాలు. కాకపోతే క్రెడిట్ కార్డులో తేడా వస్తే ముందు ఇరుక్కునేది బ్యాంకు డబ్బు, డెబిట్‌లో మాత్రం ఆ నిమిషానే మన ఖాతా ఖాళీ అవుతుంది, ఆ తర్వాత దాని చుట్టూ తిరగాల్సింది మనమే.

అందుకే ధాన్యం డబ్బులో, రొయ్యల పట్టుబడి డబ్బులో పడే ఖాతా కార్డుని ఆన్‌లైన్‌లో అస్సలు వాడకండి. మినిమమ్ బ్యాలెన్స్ గొడవ లేని ఇంకో ఖాతా తెరిచి, కొనే ముందు కావలసినంతే యూపీఐతో అందులోకి పంపుకోండి. నా రెండో ఖాతాలో ఎప్పుడూ రెండు వేలకి మించి ఉంచను.

కొత్త కార్డు ఆన్‌లైన్‌లో పనిచెయ్యకపోతే బ్రాంచికి పరిగెత్తకండి. 2020 మార్చి 16 నుంచి రిజర్వు బ్యాంకు రూలు అదే: కొత్త కార్డు ఏటీఎంలోనూ, షాపులో మెషీన్ మీదా మాత్రమే పనిచేసేలా వస్తుంది. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసి లిమిట్ బాగా తగ్గించండి. ఇంటర్నేషనల్ మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి, ఎందుకంటే కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడక్కుండానే డబ్బు లాగేస్తాయి.

2022 అక్టోబరు నుంచి మన సైట్లు కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు ఒక టోకెన్, అంటే ఆ సైటులోనే పనిచేసే మారు నంబరు ఉంటుంది, కాబట్టి సేవ్ చేసినా భయం లేదు. నేనైతే చెయ్యను, పదహారు అంకెలు కొట్టేలోపు సగం సార్లు కొనాలన్న మోజు తీరిపోతుంది.

పోయినేడు మిక్సీ కొంటూ ఓటీపీ కొట్టానో లేదో కరెంటు పోయింది, వైఫై ఆగింది. 3,450 కట్ అయింది, ఆర్డరు మాత్రం లేదు. మళ్లీ కట్టెయ్యమని మా ఆవిడ ఒకటే తొందర. ఆగాను. ఇలాంటప్పుడు ఐదు రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 చొప్పున బ్యాంకు మనకివ్వాలి. రిఫరెన్సు నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా, నాలుగో రోజున పడింది.

మనం చెయ్యని కొనుగోలుకి డబ్బు పోతే ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే, 2017 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం మూడు పనిదినాల్లో చెబితే మన మీద పైసా పడదు, నాలుగు నుంచి ఏడు రోజులైతే మామూలు సేవింగ్స్ ఖాతాకి 10,000 దాకా మనమే భరించాలి. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మనదే.

ఇదంతా ఖాతాకి మీ ఫోన్ నంబరే ఉంటే. మా బాబాయి ఖాతాకి హైదరాబాదులో ఉన్న కొడుకు నంబరుండేది. ఆయన ఇక్కడ కార్డు నంబరు కొట్టి ఓటీపీ కోసం అక్కడికి ఫోన్ చేస్తే, వాడు మీటింగు లోంచి బయటికొచ్చి చదివేసరికి టైమైపోయేది. ఆధార్, పాసుబుక్కు పట్టుకుని బ్రాంచికెళ్లి నంబరు మార్పించుకున్నాకే ఆయనకి మొదటి ఆర్డరు వచ్చింది, కొబ్బరి తురుము మెషీను.