షేలా వెళ్తున్నారా? అగ్నిపర్వతం కంటే ముందు చలి సంగతి చూసుకోండి

మధ్య అమెరికా అనగానే ఉక్కపోత, కొబ్బరిచెట్లు గుర్తొచ్చి టీషర్టులు సర్దుకునేవాళ్లు ముందు ఒక అంకె చూడాలి: 2,330 మీటర్లు. గ్వాటెమాలా పశ్చిమ కొండల్లోని కెట్సాల్తెనాంగో నగరం ఉన్న ఎత్తు అది. ఊటీ కంటే కాస్త ఎక్కువే. అక్కడివాళ్లు ఆ పొడుగు పేరు వాడరు, షేలా అంటారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలుండవు, ఆకాశం తేటగా ఉంటుంది, కాబట్టి కొండలెక్కడానికి అదే మంచి కాలం. చలి ముదిరేది కూడా అప్పుడే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. ఇళ్లలో, చిన్న హోటళ్లలో హీటర్లుండవు. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, సాయంత్రానికి పళ్లు టకటకలాడతాయి. గది తీసుకునేటప్పుడు వైఫై కంటే ముందు దుప్పట్లు ఎన్ని ఇస్తారో అడగండి.

చాలా చోట్ల వేడినీళ్లు షవర్ తలకే బిగించిన కరెంటు హీటర్ నుంచి వస్తాయి. పైన వైర్లు వేలాడుతుంటే కొత్తవాళ్లకు గుండె దడగానే ఉంటుంది. నీళ్లు తిప్పాక తడిచేత్తో దాన్ని ముట్టుకోకండి. వేడి చాలకపోతే ధార తగ్గించండి, నీళ్లు వేడెక్కుతాయి.

అమెరికాలో ఉంటూ క్రిస్మస్ సెలవులకు వెళ్లేవాళ్లు టికెట్ కొనకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. హెచ్1బి స్టాంపింగ్ గడువు అయిపోయినా కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్లి తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. గ్వాటెమాలాకు అది వర్తించదు. పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే స్టాంపు లేకుండా వెళ్తే తిరుగు విమానం ఎక్కనివ్వరు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు వీసా సంగతి ఢిల్లీలోని గ్వాటెమాలా రాయబార కార్యాలయంలో అడిగి ఖాయం చేసుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాల్లో ఎన్ని మీటర్ల ఎత్తు వరకు ట్రెక్కింగ్‌కు వర్తిస్తుందో చదవండి. చాలా పాలసీలు ఒక ఎత్తు దాటితే చేతులెత్తేస్తాయి.

ఇక కొండల సంగతి. ఊరికి దక్షిణాన పొడుచుకొచ్చినట్టు కనబడేది సాంటా మరియా అగ్నిపర్వతం, 3,772 మీటర్లు. 1902 ఏప్రిల్‌లో పెద్ద భూకంపం షేలాను కుదిపేసింది. ఆ అక్టోబరు 24న ఈ కొండ పేలింది. అంతకుముందు అది పేలినట్టు రాతల్లో ఎక్కడా లేదు. 20వ శతాబ్దంలోని అతిపెద్ద పేలుళ్లలో అదొకటి, వేలమంది చనిపోయారు. నైరుతి వాలు ఊడిపోయి పెద్ద గొయ్యి మిగిలింది. 1922లో ఆ గొయ్యిలోంచి కొత్తగా లావా గుట్ట పెరగడం మొదలైంది. దాని పేరే సాంటియాగితో. వందేళ్లు దాటినా ఇప్పటికీ బూడిద కక్కుతూనే ఉంది. సాంటా మరియా శిఖరం మీద నిలబడి కిందికి చూస్తే సాంటియాగితో పొగ చిమ్మడం కనబడుతుంది. ఒక అగ్నిపర్వతాన్ని పైనుంచి చూసే అవకాశం లోకంలో ఎక్కువ చోట్ల దొరకదు. అందుకే అందరూ అక్కడికి పరుగెడతారు.

పైనుంచి చూడటం వేరు, దగ్గరికి పోవడం వేరు. లావా గుట్ట దాకా తీసుకెళ్తామనే గైడ్లు దొరుకుతారు, వద్దనండి. అది ఎప్పుడు కూలుతుందో ఎవరికీ తెలియదు. 1929లో ఒక్కసారిగా కూలి, నిప్పుల మేఘం కింది తోటల మీదికి దూకి వందలమందిని బలి తీసుకుంది. 2018 జూన్ 3న గ్వాటెమాలాలోనే ఉన్న ఆంటిగ్వా అనే ఊరి దగ్గరి ఫ్యూగో అగ్నిపర్వతం పేలినప్పుడు పక్క పల్లె బూడిద కింద సమాధైపోయింది. బయల్దేరే ముందురోజు ఇన్సివుమే అనే ప్రభుత్వ భూకంప, వాతావరణ సంస్థ ప్రకటన చూడండి. సైన్యం గానీ, విపత్తు సంస్థ కొన్రెద్ గానీ దారి మూసేస్తే బతిమాలుకోవద్దు. బూడిద రాలే రోజుల్లో మాస్క్ పెట్టుకోండి, కాంటాక్ట్ లెన్సులు తీసి కళ్లజోడు వాడండి.

ఇంత చెప్పినా, సాంటా మరియా ఎక్కేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది నిప్పు కాదు. ఎత్తు, చలి, ఆలస్యం. నిన్న సముద్రమట్టంలో ఉన్నవాళ్లు ఇవాళ రాత్రి శిఖరానికి బయల్దేరకూడదు. పైన గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతుల కంటే తక్కువ. షేలాలో కనీసం రెండు మూడు రాత్రులు పడుకుని, మధ్యలో చిన్న గుట్టలెక్కి అలవాటు పడండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, నిద్రపట్టకపోవడం ఎత్తు పడలేదనడానికి మొదటి గుర్తులు. అక్కడే ఆగితే తగ్గిపోవచ్చు. తూలిపోతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం ఆగకపోయినా ఒక్కటే మందు, వెంటనే కిందికి దిగడం. ఎత్తు పడకపోవడాన్ని ఆపే డయామాక్స్ మాత్రలు వేసుకోవాలనుకుంటే ఇంట్లో ఉండగానే డాక్టరుతో మాట్లాడండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు. మధ్య అమెరికాలోకెల్లా ఎత్తైన తహుముల్కో (4,220 మీటర్లు) కూడా షేలా నుంచే వెళ్తారు. మొదటి వారంలో దాని జోలికి పోవద్దని నా మాట. దాన్ని ఒక్కరోజులో ముగించాలని చూడొద్దు, రెండు రోజులు పెట్టుకోండి.

చలిని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఒక వార్త గుర్తుంచుకోవాలి. 2017 కొత్త సంవత్సరం సమయంలో ఫ్యూగో పక్కనున్న అకతెనాంగో కొండ మీద ఆరుగురు చలికి చనిపోయారు. వాళ్లు గ్వాటెమాలావాళ్లే. గాలి, తడి కలిస్తే అక్కడి చలి మనిషిని గంటల్లో పడగొడుతుంది. కాటన్ బనియన్, జీన్స్ ప్యాంటు వేసుకుని ఎక్కకండి. చెమటకు తడిసిన కాటన్ ఆరదు, ఆగిన మరుక్షణం ఒళ్లు వణికిస్తుంది. ఒంటికి ఆనేది సింథటిక్ లేదా ఉన్ని, దానిమీద స్వెట్టర్, పైన గాలి చొరని జాకెట్, చేతులకు గ్లౌజులు, చెవులు కప్పే టోపీ. శిఖరానికి చేరగానే వేసుకోవడానికి ఒక పొడి చొక్కా ప్లాస్టిక్ కవరులో విడిగా పెట్టుకోండి. ఫోను లైటును నమ్ముకోకుండా తలకు కట్టుకునే టార్చి తీసుకోండి, ఎందుకంటే ఆ చలికి ఫోను బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. తాగేనీళ్లు మూడు లీటర్లు. దారిలో దొరకవు.

సాంటా మరియా నడక యానోస్ దెల్ పినాల్ అనే ఊరి దగ్గర మొదలవుతుంది. ఎక్కడానికి నాలుగైదు గంటలు, దిగడానికి దాదాపు మూడు. మోకాళ్లు ఏడ్చేది దిగేటప్పుడే. సూర్యోదయం చూడాలంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి, పగలు ఎక్కేవాళ్లు తెల్లవారుజామునే. పది, పదకొండింటికల్లా పసిఫిక్ వైపు నుంచి మబ్బులు కమ్ముతాయి, ఇక పక్కనున్న మనిషే కనబడడు. ఈ దారిలోనూ, లా ముయేలా గుట్ట వైపూ దొంగలు కత్తులు, తుపాకులతో ఆపిన సంఘటనలు ఉన్నాయి. ఒంటరిగా వెళ్లకండి. ఊరి గైడుతో గుంపుగా వెళ్లండి. ఎవరైనా అడ్డగిస్తే ఫోను ఇచ్చేయండి, హీరోయిజం వద్దు.

అంత కష్టం వద్దనుకుంటే చికబాల్ సరస్సు ఉంది. పాత అగ్నిపర్వతం నోట్లో ఆకుపచ్చ నీళ్లు. మాయా జాతిలో మామ్ అనే తెగవాళ్లకు అది పవిత్ర స్థలం. ఈస్టర్ తర్వాత 40 రోజులకు అక్కడ పెద్ద పూజలు జరుగుతాయి, ఆ రోజుల్లో బయటివాళ్లు వెళ్లకూడదు. మామూలు రోజుల్లో కూడా నీళ్లలో దిగొద్దు, ఒడ్డున పెట్టిన పూలు తొక్కొద్దు, పూజ చేసుకునేవాళ్ల మీదికి కెమెరా ఎత్తొద్దు. మన కోనేటి దగ్గర ఎలా మసలుకుంటారో అక్కడా అంతే. పొగమంచు త్వరగా దిగుతుంది, తొమ్మిదింటిలోపు అక్కడుండేలా చూసుకోండి. సునిల్ అనే ఊరి పైన కొండలో ఉన్న ఫ్వెంతెస్ హోర్హీనాస్ వేడినీటి గుంటలకు వెళ్లాలంటే ముందురోజు గట్టి వాన పడలేదని తెలుసుకోండి. ఆ ఘాటు రోడ్డు మీద కొండచరియలు విరిగిపడతాయి.

పిల్లల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ముద్దొచ్చిన పిల్లవాడి బుగ్గ గిల్లడం, ఎత్తుకోవడం మనకు అలవాటు. గ్వాటెమాలా కొండ ఊళ్లలో ఆ పని అస్సలు చేయకండి, తల్లిని అడగకుండా ఫొటో తీయకండి. బయటివాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోతారన్న భయం అక్కడ బలంగా ఉంది. 2000 ఏప్రిల్‌లో తోదోస్ సాంతోస్ అనే ఊళ్లో అలాంటి పుకారుకే జనం ఒక జపాన్ పర్యాటకుణ్నీ, బస్సు డ్రైవరునూ కొట్టి చంపారు.

తిండి దగ్గర శాకాహారులు మాంసం వద్దని చెప్పి ఊరుకుంటే కోడి వేసి ఇస్తారు. కోడి కూడా వద్దని విడిగా చెప్పాలి, చిక్కుడు గింజల కూరలో పందికొవ్వు వేశారేమో అడగాలి. కొళాయి నీళ్లు పళ్లు తోముకోవడానికి కూడా వద్దు. వీధికుక్క మీదికొస్తే రాయి తీస్తున్నట్టు వంగండి, మన ఊళ్లో పనిచేసినట్టే అక్కడా పనిచేస్తుంది. కరిస్తే పావుగంట సబ్బుతో కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి.

రాజధాని నుంచి షేలాకు దాదాపు 200 కిలోమీటర్లు, బస్సులో నాలుగైదు గంటలు. రంగురంగుల పాత స్కూలు బస్సుల్లో ఫొటో కోసం ఊళ్లో ఒక చిన్న దూరం వెళ్లండి, ఘాటు దారికి మాత్రం పెద్ద బస్సు కంపెనీ టికెట్ పగటిపూట తీసుకోండి. అక్కడ రాస్తారోకోలు మామూలే. కువాత్రో కమినోస్ కూడలి మూసేస్తే షేలా నుంచి రాజధానికి దారి మూసుకుపోయినట్టే. 2023 అక్టోబరులో దేశమంతా రోడ్లు వారాల తరబడి ఆగిపోయాయి. అందుకని తిరుగు విమానానికి ముందురోజే రాజధాని చేరి, రాత్రి అక్కడే పడుకోండి. పర్యాటకుల సాయానికి 1500, పోలీసులకు 110, అంబులెన్సు నడిపే ఫైర్ సిబ్బందికి 122, 123. ఇవి ఫోన్లోనే కాకుండా ఒక కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టుకోండి.