సమతాస్థితి లెక్కలు – 4: లోపలి 2, బయటి 2

చర్యలో ఖర్చయ్యే గాఢతను 'య' అంటున్నాం కదా, అది చిన్నదైతే లెక్కలో ఎప్పుడు వదిలేయవచ్చో ఈసారి మొదలుపెట్టాలనుకున్నాను. పోయిన పాఠంలోని హైడ్రోజన్–అయోడిన్ లెక్కకు మీ జవాబులు చూశాక అది కాస్త వెనక్కి జరిగింది.

లీటరు పాత్రలో హైడ్రోజన్, అయోడిన్ ఒక్కో మోల్; రెండూ కలిసి హైడ్రోజన్ అయొడైడ్ అవుతాయి. సమతాస్థితి స్థిరాంకం, అంటే అయొడైడ్ గాఢత వర్గాన్ని మిగతా రెండు గాఢతల లబ్ధంతో భాగిస్తే వచ్చేది, 49. చాలామందికి య = 0.832 వచ్చింది. సమతాస్థితి గాఢతల పట్టిక బాగానే వేశారు: హైడ్రోజన్ 1 − య, అయోడిన్ 1 − య, అయొడైడ్ 2య. తీరా లవంలోకి వచ్చేసరికి 2య² రాశారు. రాయవలసింది (2య)², అంటే 4య².

"2ను ఒకసారి వాడేశాం కదా, మళ్లీ ఘాతంగా ఎందుకు?" అని అడుగుతున్నారు. లోపలి 2 లెక్కింపుకు సంబంధించినది: ఒక మోల్ హైడ్రోజన్ ఖర్చయితే రెండు మోల్‌ల హైడ్రోజన్ అయొడైడ్ పుడుతుంది. బయటి 2 సమతాస్థితి నియమానిది. పాత్రలో చివరికి ఉన్న గాఢత ఎలా వచ్చిందో దానికి అక్కర్లేదు, వర్గం చేయమంటుంది, అంతే. సమతాస్థితి వద్ద అయొడైడ్ గాఢత 1.6 అని ప్రశ్నలోనే ఇచ్చారనుకోండి, లోపలి 2తో పనే లేదు, 1.6ను వర్గం చేయాలి. దాన్ని 3.2 చేసి మరీ వర్గం చేసేవారిని చూస్తే నాకు ఇంకా చిరాకు.

(2య)² ÷ (1 − య)² = 49కి వర్గమూలం తీస్తే 2య ÷ (1 − య) = 7. య = 7/9, అయొడైడ్ 1.556, మిగతావి 0.222 చొప్పున. 0.832ను పట్టికలో పెట్టి స్థిరాంకం కట్టి చూడండి, 49కి బదులు సుమారు 98 వస్తుంది. ఇలా రెట్టింపు కనిపిస్తే ముందు కుండలీకరణం కోసం వెతకండి.

ఇక అసలు పాఠం. డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ ఒక్కో అణువు రెండు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులుగా విడిపోతుంది; 25 డిగ్రీల సెల్సియస్ వద్ద స్థిరాంకం సుమారు 0.0046. తొలి గాఢత 0.1 మోలార్. 4య² ÷ (0.1 − య) = 0.0046. హారంలో 'య'ను వదిలేస్తే 4య² = 0.00046, య = 0.0107. ఇది 0.1లో దాదాపు 11 శాతం. 5 శాతం దాటితే వదలకూడదు. వర్గ సమీకరణ సూత్రం ఉంది కానీ నేను దాని జోలికి వెళ్లను. ఆ 0.0107ను హారంలో పెట్టి మళ్లీ కడతాను: 0.01013. ఇంకోసారి: 0.01017. ఇక చాలు, 0.0102.

అభ్యాసం ఒక్కటే. అదే 49 స్థిరాంకం, అదే లీటరు పాత్ర. హైడ్రోజన్ 1, అయోడిన్ 1, అయొడైడ్ 8 మోల్‌లతో మొదలుపెట్టండి. 'య' ఋణాత్మకంగా వస్తే కొట్టేయకండి, చర్య ఎటు నడిచిందో రాయండి.