స్కాలర్‌షిప్ ఏ ఖాతాలో పడుతుందో ముందే చూసుకోండి

ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు ఒక మాట. ఆధార్ ఆధారంగా వేసే స్కాలర్‌షిప్ డబ్బు, చివరిగా ఆధార్ సీడింగ్ (అంటే ఖాతాకు ఆధార్ నంబర్ జోడించడం) అయిన ఖాతాకే వెళ్తుంది. ఇది తెలియక నేను సెమిస్టరంతా ఆఫీసుల చుట్టూ తిరిగాను, డబ్బేమో ఊళ్లో బ్యాంకు ఖాతాలో హాయిగా కూర్చుంది! ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో తెలిసిపోతుంది.

మినిమమ్ బ్యాలెన్స్ కోతల టెన్షన్ వద్దంటే 'బేసిక్ సేవింగ్స్' ఖాతా కావాలని అడగండి. బ్యాంకువాళ్లు తమంతట తాము చెప్పడం అరుదు. నెలకు కనీసం 4 విత్‌డ్రాయల్స్ ఉచితం. కాకపోతే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు.

డబ్బు పడిన రోజే ముందు మెస్ బాకీ తీర్చేయండి.