స్పీచ్ థెరపిస్టుకి సన్మానం చేయాలనుకుంటున్నారా? శాలువా సంగతి తర్వాత చూద్దాం

తిరుపతిలో సన్మానాలకి కొదవ లేదు. వేదిక మీద పదిమంది పెద్దలు, ఒక్కొక్కరిదీ పావుగంట ఉపన్యాసం, శాలువా, దండ, మెమెంటో, చివర్లో సన్మానం అందుకున్నావిడకి రెండంటే రెండు నిమిషాలు. పాతికేళ్ళు ముప్పై ఏళ్ళు నత్తి ఉన్న పిల్లలతో, వినపడని పిల్లలతో, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళతో ఓపిగ్గా కూర్చున్న స్పీచ్ థెరపిస్టుకి కూడా ఇదే తంతు చేసి పంపిస్తే ఏం బాగుంటుంది? ఆస్పత్రి స్టాఫ్ అయినా, ఆవిడ దగ్గర నేర్చుకున్న జూనియర్లయినా, పేషెంట్ల కుటుంబాలయినా, ఈ ఆలోచన ఉంటే మూడు నెలల ముందు మొదలుపెట్టండి.

మొదట ఆ మనిషినే అడగండి, సర్‌ప్రైజులు వద్దు. కొంతమందికి స్టేజీ అంటేనే టెన్షన్, వాళ్ళకి పదిమందితో భోజనం చాలు.

తర్వాత అసలు పని, అంటే ఆవిడ ఏం చేశారో రాసిపెట్టడం. "విశేష సేవలందించారు" అని రాస్తే ఏమీ రాయనట్టే. చేరిన రోజున అక్కడ థెరపీకి ఒక గదైనా ఉండేదా? తెలుగులో బొమ్మల కార్డులు, పదాల పట్టికలు దొరక్కపోతే సొంతంగా ఏమైనా తయారుచేశారా? శ్రీకాళహస్తి, పలమనేరు వైపు క్యాంపులకి వెళ్ళారా? అంగన్‌వాడీ టీచర్లకి, తల్లులకి ఇంట్లో చేయించాల్సిన ప్రాక్టీస్ నేర్పించారా? పాత సహోద్యోగుల్ని, రిటైరైన నర్సుల్ని కూర్చోబెట్టి అడిగితే బోలెడు బయటికొస్తాయి. మింగడం గురించి తప్పకుండా అడగండి. స్ట్రోక్ వచ్చినవాళ్ళకి నీళ్ళు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఎలా మింగాలో నేర్పి, ముక్కులో ట్యూబు తీసేదాకా వెంట ఉండేది కూడా వీళ్ళేనని ఊళ్ళో చాలామందికి తెలియదు.

సన్మాన పత్రంలో వివరాలు ఆవిడకి చూపించాకే అచ్చుకివ్వండి. పీహెచ్‌డీ లేకపోతే పేరు ముందు డాక్టర్ అని వేయకండి, అభిమానంతో వేసినా ఇబ్బంది పడేది ఆవిడే. పాతతరం వాళ్ళ డిగ్రీ బీఎస్సీ స్పీచ్ అండ్ హియరింగ్ అయ్యుండొచ్చు, ఇప్పుడు అదే చదువుకి ఉన్న పేరు బీఏఎస్ఎల్‌పీ కదా అని ఊహించి అది వేసేయకండి. ఇంకొకటి, థెరపిస్టుల పేర్లు రిజిస్టర్ చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌కి చట్టం వచ్చిందే 1992లో. మైసూరులోని స్పీచ్ అండ్ హియరింగ్ సంస్థ 1965 నుంచే ఉంది కాబట్టి, చట్టానికి ముందే పనిలో చేరినవాళ్ళూ ఉంటారు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీది తేదీ నుంచి సర్వీసు లెక్కపెడితే కొన్నేళ్ళు ఎగిరిపోతాయి.

పేషెంట్లని పిలవడం దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. వాళ్ళ ఫోన్ నంబర్లు ఇమ్మని ఆవిడని అడగొద్దు, అవి ఆవిడ ఇవ్వకూడదు కూడా. మీ నంబరు ఆవిడకివ్వండి, ఇష్టమున్నవాళ్ళే మీకు ఫోన్ చేస్తారు. కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి ఆపరేషన్ చేసి చెవిలో పెట్టే పరికరం) పెట్టించుకున్న చిన్నపిల్లని స్టేజీ ఎక్కించి "ఏదీ, నమస్తే చెప్పమ్మా" అని మైకు మూతి దగ్గర పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆ పిల్ల మాట్లాడకపోతే తల్లి ముఖం చూడలేం. నత్తి ఉన్నాయన మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి, ఎంతసేపు పట్టినా సరే, మధ్యలో మాట అందించకండి, ఆయన ఆగినచోట చప్పట్లు కొట్టకండి, టైమైపోయిందని చీటీ పంపకండి, కావాలంటే పెద్దమనుషుల ఉపన్యాసాలు కోసేయండి. స్టేజీ వద్దనుకునేవాళ్ళు ఉత్తరం రాసిచ్చినా, ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసి పంపినా చాలు.

హాలుకి మహతి ఆడిటోరియం లాంటి పెద్దది అక్కర్లేదు. వందమంది పట్టి, గోల లేకుండా, ర్యాంపు ఉంటే సరిపోతుంది. పక్కనే జనరేటరు మోగుతుంటే, వెనక పాటలు పెడితే, హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నవాళ్ళకి మాటలు కలగాపులగం అయిపోతాయి. మాట్లాడేవాళ్ళ ముఖం మీద వెలుతురు పడాలి, పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్ళుంటారు కదా. సైగల భాషలో చెప్పేవాళ్ళు కావాలంటే, తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాల ఉంది, అక్కడి టీచర్లని ముందుగానే అడిగి చూడండి. భోజనాల్లో మింగడం కష్టమయ్యేవాళ్ళ కోసం మెత్తటివి కూడా పెట్టించండి, కానీ ఎవరికేం పెట్టాలో ఇంటివాళ్ళనే అడగండి.

తేదీకి మార్చి 3 ప్రపంచ వినికిడి దినం, ఏప్రిల్ 16 ప్రపంచ స్వర దినం, అక్టోబర్ 22 నత్తిపై అవగాహన దినం ఉన్నాయి. మార్చిలో పిల్లలకి పరీక్షలు, ఏప్రిల్‌లో మన ఎండలు తెలిసినవే. నన్నడిగితే అక్టోబరే మేలు, కాకపోతే బ్రహ్మోత్సవాలు ఎప్పుడొచ్చాయో చూసుకోండి, ఆ రోజుల్లో బయటూరి వాళ్ళకి రూము దొరకదు.

బహుమతికి ప్లాస్టిక్ మెమెంటో బదులు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డో, మాధవమాల కొయ్య బొమ్మో ఇవ్వండి. డబ్బు మిగిలితే ఆవిడ పేరున ఒక శిక్షణా తరగతి పెట్టించండి. థెరపిస్టులకి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి సీఆర్‌ఈ పాయింట్లు, అంటే ఇలాంటి తరగతులకి హాజరైతే వచ్చే పాయింట్లు, కావాలి కాబట్టి జూనియర్లు కూడా వస్తారు, కౌన్సిల్ అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి.

రాసిపెట్టిన వివరాలు అక్కడితో వదిలేయకండి. దివ్యాంగుల రంగంలో పనిచేసేవాళ్ళకి కేంద్రం డిసెంబర్ 3 సందర్భంగా జాతీయ అవార్డులిస్తుంది, అందులో పునరావాస నిపుణులకీ చోటుంది. దానికీ, పద్మ అవార్డులకీ కేంద్రం వెబ్‌సైటు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లోనే పంపాలి. పద్మకి వివరణ 800 పదాలు దాటకూడదు. డాక్టర్లు, సైంటిస్టులు తప్ప ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు పద్మకి అర్హులు కారు, కాబట్టి సర్కారీ ఆస్పత్రి థెరపిస్టయితే రిటైరయ్యేదాకా ఆగాలి. జాతీయ అవార్డుకైతే సర్టిఫికెట్లు కావాలి, అవి ఆవిడ దగ్గరే ఉంటాయి, చెప్పక తప్పదు. పద్మకి మాత్రం చెప్పకుండానే పంపేయొచ్చు, నేనైతే అదే చేస్తాను.