ఆఫ్‌రోడ్ బండిలో వదలని కిర్రుమోతల మూలాన్ని పట్టుకోవడం ఎలా?

ఆఫ్‌రోడ్ వాహనంలో ఎంతకీ వదలని చప్పుళ్లను వెతికేటప్పుడు చాలామంది చెవినే నమ్ముకుని దారి తప్పుతారు. శబ్దం ఎక్కడ వినిపిస్తే అక్కడే పుడుతోందని అనుకోవడం సహజమే. కానీ ఉక్కు ఛాసీ మీద బాడీని విడిగా కూర్చోబెట్టిన బండిలో అది తరచుగా నిజం కాదు. వెనక స్ప్రింగు షాకిల్ (స్ప్రింగు కొనను ఛాసీకి కలిపే ఊగే లింకు) దగ్గర పుట్టిన కిర్రుమనే చప్పుడు ఛాసీ పొడవునా ప్రయాణించి, బాడీని మోసే రబ్బరు దిమ్మల గుండా లోపలికి చేరి, డ్రైవరు సీటు కిందనుంచి వస్తున్నట్టు వినిపించగలదు. అందువల్ల శబ్దం ఎక్కడ అని అడిగే ముందు, ఏ కదలిక జరిగినప్పుడు వస్తోందని అడగాలి. శబ్దాన్ని ఒక కదలికతో ముడిపెట్టి, ఆ కదలికను బండి నిలిచి ఉండగానే మళ్లీ చేయించగలిగితే మూలం దాదాపు చేతికి చిక్కినట్టే.

కదలికను బట్టి శబ్దాలు ప్రధానంగా రెండు జాతులు. కిర్రు, కీచు అనేవి రాపిడి వల్ల పుడతాయి: ఒకదానికొకటి ఒత్తుకుని ఉన్న రెండు ఉపరితలాలు క్షణం సేపు అతుక్కుని, ఒక్కసారిగా జారి, మళ్లీ అతుక్కుంటూ ఉంటే ఆ కంపనం మనకు కిర్రుమని వినిపిస్తుంది. గలగల, టకటక అనేవి ఖాళీ వల్ల పుడతాయి: బిగువుగా ఉండవలసిన చోట సందు ఏర్పడి, ఒక భాగం మరొక భాగానికి తగులుతూ ఉంటుంది. ఆ సందు పెద్దదై, తగిలే వస్తువు బరువైనదైతే గలగల కాస్తా ధణ్‌మనే మోత అవుతుంది. ఈ తేడా తెలియకపోతే మరమ్మతు కూడా తప్పుతుంది. సందు వల్ల మోగుతున్న చోట గ్రీజు పూస్తే నాలుగు రోజులు మోత తగ్గినట్టు అనిపించి అరుగుదల మాత్రం కొనసాగుతుంది. రాపిడి వల్ల కిర్రుమంటున్న బుష్‌ను (కీలు దగ్గర లోహ భాగాల మధ్య ఉండే రబ్బరు లేదా పాలీయురేథేన్ తొడుగును) ఇంకా బిగిస్తే ఆ కిర్రు పెరిగే అవకాశమే ఎక్కువ.

వెతకడానికి ముందు బండిని పూర్తిగా ఖాళీ చేయాలి. జాకీ, వీల్ స్పానర్, పనిముట్ల పెట్టె, లాగే తాళ్లు, సంకెళ్లు, డోర్ అరల్లోని సీసాలు, సీట్ల కింద దొర్లే వస్తువులు, రూఫ్ ర్యాక్ మీద కట్టినవి, అన్నిటినీ దించి, వాడకంలో లేని సీట్‌బెల్టు బకిల్స్ ప్లాస్టిక్‌కు తగలకుండా గుడ్డ చుట్టాలి. స్టెప్నీని మాత్రం దాని చోటనే ఉంచి, చేత్తో గట్టిగా ఊపి చూడాలి. వెనక తలుపు మీద మోసే బరువైన స్టెప్నీ దాని కీలును, తలుపు కొక్కేన్ని వదులు చేయడం ఈ బండ్లలో చాలా మామూలు విషయం. ఇంత చిన్న పనిని చెప్పాలా అనిపించవచ్చు గాని, సస్పెన్షన్ విప్పిన తరువాత జాకీ పిడి మోగుతోందని తెలియడం కన్నా ఇది ఎంతో మేలు.

ఖాళీ చేసిన బండిని ఒకే గతుకుల దారి మీద, ఒకే వేగంతో, టైర్లలో ఒకే గాలి ఒత్తిడితో నడిపించాలి. గాలి తగ్గించిన టైరు చిన్న గతుకులను తానే మింగేస్తుంది కనుక, ఒకసారి తక్కువ గాలితోనూ మరొకసారి ఎక్కువ గాలితోనూ నడిపి పోల్చితే ఫలితం మోసం చేస్తుంది. ఉష్ణోగ్రత కూడా అలాంటిదే: చలికి రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ కుంచించుకుంటుంది, పొద్దున్నే వినిపించి మధ్యాహ్నానికి మాయమయ్యే కిర్రు ఈ రెండింటిలో ఒకదానిని సూచిస్తుంది. వీలైతే ఇంకొకరిచేత బండి నడిపించి, మీరు పక్క సీటులోనూ వెనక సీటులోనూ కూర్చుని వినండి. విన్నప్పుడల్లా వేగం, ఇంజిన్ వేగం, స్టీరింగ్ ఎటు తిరిగి ఉంది, బ్రేకు మీద కాలు ఉందా లేదా, ఒక చక్రం గతుకులో పడిందా రెండూ పడ్డాయా అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఈ రాతపనిని దాటవేయాలని అనిపిస్తుంది కాని, నా దృష్టిలో ఏ ఖరీదైన పరికరం కన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ముందుగా తేల్చవలసినది, శబ్దం ఇంజిన్‌తో పాటు మారుతోందా, చక్రాలతో పాటు మారుతోందా, లేక గతుకులకు మాత్రమే స్పందిస్తోందా అన్నది. బండి నిలిపి న్యూట్రల్‌లో యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కుతూ పోతే ఒక నిర్దిష్టమైన ఇంజిన్ వేగం దగ్గర మాత్రమే జరజరమని మోగి, దాటగానే ఆగిపోయేది చాలా సందర్భాల్లో సైలెన్సర్ పైన ఉండే పలుచటి వేడి కవచం. దాని బోల్టు చుట్టూ తుప్పు తిని రేకు వదులవుతుంది. బండి సాగుతున్నప్పుడు మాత్రమే లయబద్ధంగా వచ్చే టిక్ టిక్ శబ్దాన్ని లెక్కపెట్టి చూడవచ్చు. 80 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.5 మీటర్లు సాగుతుంది కనుక, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు రెండు చుట్లకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. శబ్దం కూడా అదే లయలో ఉంటే చక్రం, బ్రేకు డిస్కు, హబ్ వైపు చూడాలి. దానికి మూడు నాలుగు రెట్లు వేగంగా కిచకిచమంటుంటే గేర్‌బాక్స్ వైపునుంచి యాక్సిల్‌కు శక్తిని చేరవేసే పొడవాటి దండం, అంటే ప్రొపెల్లర్ షాఫ్టును అనుమానించాలి, ఎందుకంటే యాక్సిల్ మధ్యన ఉండే డిఫరెన్షియల్ గేర్ల నిష్పత్తిని బట్టి షాఫ్టు చక్రం కన్నా అన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది. షాఫ్టు కొనల్లో అది వంగుతూ తిరగడానికి ఉండే యూనివర్సల్ జాయింట్‌లో గ్రీజు ఎండిపోతే అది పిట్టకూతలా కిచకిచమంటుంది; దాని టోపీల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కరలేదు. దానిని అలాగే వదిలేస్తే షాఫ్టు విడిపోయి పడిపోయే ప్రమాదం ఉంది.

చక్రం లయలో వచ్చే టకటకకు కారణం వీల్ నట్లు వదులవడం కూడా కావచ్చు. ఆ అనుమానం వచ్చిన చోటే బండి ఆపి నట్లు చూడాలి. ఇంటికి చేరాక చూద్దామని అనుకోకూడదు. అదే చక్రం దగ్గర ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేలా కీచుమంటే మాత్రం సాధారణంగా భయపడనక్కరలేదు: బ్రేకు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉంటుంది. బండిని కొద్దిగా వెనక్కి నడిపితే అది తరచుగా రాలిపోతుంది, లేకపోతే డిస్కు చల్లబడ్డాక రేకును కొంచెం ఎడంగా వంచి తీయవచ్చు. గతుకుల మీద టకటకమంటూ, బ్రేకును తేలికగా తాకగానే ఆగిపోయే చప్పుడు క్యాలిపర్‌లో (డిస్కును ప్యాడ్లతో నొక్కే బ్రేకు భాగంలో) ప్యాడ్లు ఆడుతున్నాయని చెబుతుంది. ప్యాడ్లను పట్టి ఉంచే చిన్న స్ప్రింగు క్లిప్పులు, జారే పిన్నులు చూడాలి.

గతుకులకు మాత్రమే స్పందించే శబ్దాలు మిగిలితే అసలు వెతుకులాట అప్పుడు మొదలవుతుంది, అదీ బండి కదలకుండానే. చదునైన నేల మీద నిలిపి, ఒకరు బంపరును గట్టిగా నొక్కి వదులుతూ ఉండగా ఇంకొకరు చక్రాల పక్కన వంగి వినాలి. దీనికి లొంగని శబ్దం కోసం బండిని మెలితిప్పాలి: ఎడమ ముందు చక్రాన్నీ కుడి వెనక చక్రాన్నీ గట్టి దిమ్మల మీదికి నెమ్మదిగా ఎక్కిస్తే ఛాసీ, సస్పెన్షన్ ఎదురెదురు మూలల్లో మెలితిరుగుతాయి. ఆ స్థితిలోకి వెళ్లేటప్పుడూ దిగేటప్పుడూ వచ్చే కిర్రును జాగ్రత్తగా వినాలి. స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరుగుడును తగ్గించే కడ్డీ) బుష్‌లు, కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసీకి కలిపే చేయి) బుష్‌లు, బాడీని మోసే దిమ్మలు ఈ మెలికలోనే బయటపడతాయి. తలుపులు తెరిచి మూస్తే అవి ఎక్కడైనా రాసుకుంటున్నాయా అన్నదీ తెలుస్తుంది. బండి కిందికి దూరవలసి వస్తే చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసీని స్టాండ్ల మీద నిలిపిన తరువాతే దూరాలి. ఒక్క జాకీ మీద నిలిచిన బండి కిందికి తల పెట్టడానికి ఏ శబ్దమూ కారణం కాకూడదు.

స్టీరింగ్ తిప్పినప్పుడు, చిన్న గతుకుల మీద ముందువైపు టక్‌మనే శబ్దానికి ఇంకో పరీక్ష ఉంది. చక్రాలు నేల మీదే ఉండాలి, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి, ఇంజిన్ నడుస్తూ ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ను నాలుగు వేళ్ల వెడల్పు మేర కుడి ఎడమలకు గబగబా తిప్పుతూ ఉంటే మీరు పక్కనుంచి ఒక్కొక్క జాయింట్‌ను చూడండి, తిరిగే బెల్టులకు, ఫ్యానుకు దూరంగా ఉంటూ జాయింట్ మీద వేలు ఆనించండి. కంటికి కనిపించని సందు వేలికి తడుతుంది. ముందు యాక్సిల్ ఒకే దండంగా ఉన్న బండ్లలో యాక్సిల్‌ను పక్కలకు జరగకుండా పట్టి ఉంచే ట్రాక్ బార్ మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. దాని బోల్టు ఒకసారి వదులై బండి అలాగే నడిస్తే, బ్రాకెట్‌లోని గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతుంది.

కిర్రుమనే బుష్ ఏదో తేల్చడానికి మంచి సాధనం నీళ్లు. అనుమానం ఉన్న బుష్‌లలో ఒక్కదానినే స్ప్రే సీసాతో తడిపి, బండిని ఊపి వినండి. కిర్రు ఆగిపోతే దొంగ దొరికినట్టే, ఆరగానే మళ్లీ మొదలైతే సందేహమే లేదు. అన్నిటినీ ఒకేసారి తడిపితే మాత్రం ఏమీ తెలియదు, వాటి మధ్య తేడా తుడిచిపెట్టుకుపోతుంది. చొచ్చుకుపోయే నూనె స్ప్రేలను ఇందుకు వాడవద్దని నా గట్టి సలహా: వాటిలోని పెట్రోలియం నూనెలు రబ్బరును ఉబ్బేలా చేసి చెడగొడతాయి, ఉన్న గ్రీజును కడిగేస్తాయి. పాలీయురేథేన్ బుష్‌లు వేసిన బండి ఎండు వాతావరణంలో కిర్రుమంటుంటే వాటిని విప్పి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పూసి బిగించడమే సరైన మార్గం. కమాను పట్టీలున్న బండిలో పట్టీల మధ్య చేరిన బురద ఇసుకను నీటితో బాగా కడిగి, పట్టీల కొనల దగ్గరి ప్లాస్టిక్ పలకలు అరిగాయేమో చూడాలి. అక్కడ నూనె పోస్తే అది దుమ్మును పట్టుకుని అరగదీసే పూతగా మారుతుంది.

బండి నడుస్తున్నప్పుడే వచ్చి, నిలిస్తే రానని మొండికేసే శబ్దాలకు ఫోన్ రికార్డర్ ఉపయోగపడుతుంది. ఫోన్‌ను ఒకసారి వెనక చక్రం పైన లోపలి భాగంలో, ఇంకోసారి డ్యాష్‌బోర్డు కింద, మరోసారి తలుపు అరలో టేపుతో అంటించి, అదే దారిలో అదే వేగంతో వెళ్లి మూడు రికార్డింగులనూ పోల్చితే ఏ మూల బిగ్గరగా ఉందో తెలుస్తుంది. తేడా తెలియని చోట భాగాలను విడదీసి చూడాలి: స్టెబిలైజర్ బార్ లింకులను రెండు పక్కలా విప్పి కొద్ది దూరం చాలా నెమ్మదిగా నడిపితే శబ్దం పోయిందా లేదా అన్నది నిర్ణయాత్మకమైన సమాధానం. మలుపుల్లో బండి ఎక్కువగా ఒరుగుతుంది కనుక మామూలు రోడ్డు మీదికి అలా వెళ్లకూడదు.

బండి లోపలి చప్పుళ్ల గురించి చెప్పవలసినది కొద్దిగానే. పక్కన కూర్చున్నవారు ఒక్కొక్క ప్యానెల్‌ను అరచేత్తో నొక్కి పట్టుకుంటూ పోతే ఏది నొక్కినప్పుడు ఆగితే అదే కారణం. దాని క్లిప్పులు మార్చి, రెండు ప్లాస్టిక్‌లు కలిసే చోట మెత్తటి ఫెల్ట్ టేపు అంటించాలి. తలుపు కొక్కెం పట్టే ఇనుప ముక్కకు రెండు చుట్లు గుడ్డ టేపు చుట్టి చూస్తే తలుపు మోత సంగతి తేలుతుంది. తలుపు రబ్బర్లను తుడిచి సిలికాన్ పూస్తే అవి కిర్రుమనడం మానేస్తాయి.

కారణం దొరికాక మరమ్మతులో రెండు విషయాలను నిర్లక్ష్యం చేయరాదు. మొదటిది, ఒకసారికి ఒక్క మార్పే చేసి, అదే దారిలో నడిపి చూడడం. రెండోది, రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించడం. గాలిలో వేలాడుతున్న సస్పెన్షన్‌కు బిగిస్తే బుష్ మెలిపడిన స్థితిలోనే పట్టుబడి, బండి దించగానే రబ్బరు లోపల చిరగడం మొదలవుతుంది. తయారీదారు సూచించిన టార్క్ (బిగింపు బలం) మేరకు టార్క్ రెంచ్‌తో బిగించి, బోల్టు తల మీదనుంచి బ్రాకెట్ మీదికి ఒకే గీతగా పెయింట్ గీయండి. తరువాతి ప్రయాణం ముగిశాక ఆ గీత తెగి పక్కకు జరిగి కనిపిస్తే బోల్టు తిరిగింది, మధ్యస్థ బలం గల థ్రెడ్‌లాకర్ (బోల్టు మరలు వదులవకుండా పట్టే జిగురు) వేసి మళ్లీ బిగించాలి. గీత చెక్కుచెదరకుండా ఉండి, శబ్దం మాత్రం అక్కడినుంచే మళ్లీ వస్తుంటే రంధ్రం సాగి ఉండాలి లేదా బ్రాకెట్ చుట్టూ వెల్డింగ్ చిట్లి ఉండాలి. పెయింట్‌లో సన్నని పగులు, దానినుంచి కారిన తుప్పు మరక కోసం ఆ చోటును తీగె బ్రష్‌తో శుభ్రం చేసి టార్చి వెలుగులో చూడండి. అలాంటి చోట ఎంత బిగించినా ఫలితం ఉండదు. ఆ బ్రాకెట్‌ను బాగుచేసి, రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చి, కొత్త బోల్టు వేశాకే ఆ బండిని మళ్లీ రాళ్ల దారిలోకి తీసుకెళ్లాలి.