మీ పనికి ఏ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్? కొనే ముందు ఒక పల్లవి, ఒక చరణం

"రీపర్ మంచిదా, క్యూబేస్ మంచిదా?" అని, పాటలు రికార్డు చేసే ఈ రెండు సాఫ్ట్‌వేర్ల గురించి అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. రెండింట్లోనూ పాట అవుతుంది. అడగాల్సింది వేరే ఉంది. వచ్చే మూడు నెలల్లో మీ చేతికి ఏ పని రాబోతోంది? కావలిలోనో ఒంగోలులోనో ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకున్న మనిషికి క్రిస్మస్ ముందు చర్చి పాటలు రావచ్చు, శ్రీరామనవమికి భజన బృందం రావచ్చు, యూట్యూబ్ కోసం జానపదం రావచ్చు. ఇవి మూడూ మూడు రకాల పనులు. సాఫ్ట్‌వేర్‌కు కూడా వాటిలో ఒకటి తేలిక, ఇంకొకటి బరువు.

కాబట్టి ముందు కాగితం తీసి మూడు సంగతులు రాయండి. ఒకేసారి ఎన్ని మైకులు పెట్టాలి? పాట ముందు వస్తుందా, బీటు ముందు వస్తుందా? రికార్డు చేసినవన్నీ సరిపాళ్లలో కలిపే చివరి మిక్సింగ్ మీరే చేస్తారా, చెన్నైకి పంపుతారా? ఈ మూడూ తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

మైకుల లెక్క

చెక్క భజన బృందాన్నే తీసుకోండి. ముందు పాడేవాళ్లకు ఒక మైకు, వెనక అందుకునేవాళ్లకు రెండు, హార్మోనియానికి ఒకటి, డోలక్ రెండు వైపులా రెండు, చెక్కలకు ఒకటి, గది మొత్తానికి ఒకటి. ఎనిమిది అయ్యాయి. ఇక్కడ రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పనికిరాదు, ఎనిమిదివి కావాలి. సాఫ్ట్‌వేర్ కూడా ఎనిమిదింటినీ ఒకే నొక్కుతో వేర్వేరు ట్రాకుల్లోకి తీసుకోవాలి.

ఈ పనికి రీపర్, క్యూబేస్ హాయిగా ఉంటాయి. ప్రో టూల్స్ పుట్టిందే ఇలాంటి పని కోసం. కానీ ఉచితంగా దొరికే ప్రో టూల్స్ ఇంట్రోలో ఆడియో ట్రాకులు 8 దాటవు, ఒకేసారి తీసుకునే ఇన్‌పుట్లు అంతకన్నా తక్కువ. ఎఫ్‌ఎల్ స్టూడియోలో కూడా చేయవచ్చు గానీ, ఒక్కో మిక్సర్ ట్రాకుకు ఒక్కో ఇన్‌పుట్ ఎంచుకుని, రికార్డింగ్ బటన్ వెలిగించి, ఫైళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవాలి. బృందం చాప మీద కూర్చుని ఎదురుచూస్తుంటే ఆ పని చికాకు.

ఇంకో మెలిక ఉంది. ఎఫ్‌ఎల్‌లో అన్నిటికన్నా చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో ఆడియో రికార్డింగే ఉండదు. గొంతు రికార్డు చేయాలంటే కనీసం ప్రొడ్యూసర్ ఎడిషన్ కొనాలి. ధర చూసి ఫ్రూటీ కొని, మైకు పెట్టాక తల పట్టుకునేవాళ్లు ఉన్నారు.

డిస్క్ జాగా కూడా లెక్క వేసుకోండి. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు 48 వేల సార్లు కొలవడం), 24 బిట్ దగ్గర ఒక మోనో ట్రాకు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ తింటుంది. ఎనిమిది మైకులు గంటసేపు నడిస్తే 4 జీబీ దాటుతుంది. రిహార్సల్స్‌తో కలిపి మూడు గంటలు కూర్చుంటే 12 జీబీ. పాత హార్డ్ డిస్క్ ఎనిమిది ట్రాకులు ఒకేసారి రాయలేక మధ్యలో ఆగిపోతే అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఎస్‌ఎస్‌డీ వేసుకోండి.

బీటు ముందా, పాట ముందా?

బీటు కట్టి, దాని మీద సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్య శబ్దాలు) పేర్చి, చివర్లో గొంతు తీసుకునేవాళ్లకు ఎఫ్‌ఎల్ స్టూడియో చేతికి సులువుగా అలవాటవుతుంది. స్టెప్పులు (దెబ్బల గడులు) నొక్కుకుంటూ పోతే పది నిమిషాల్లో లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క) తయారవుతుంది. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం, అది చిన్న మేలు కాదు. వేదిక మీద లూపులు వాయిస్తూ పాడేవాళ్లకు ఏబుల్టన్ లైవ్‌లోని సెషన్ వ్యూ సరిపోతుంది. ఫోకస్‌రైట్ లాంటి ఇంటర్‌ఫేస్‌లతో లైవ్ లైట్ ఊరికే వస్తుంది, కాకపోతే దానికి ట్రాకుల పరిమితి ఉంది.

పాట ముందు వచ్చేవాళ్ల సంగతి వేరు. పెద్దావిడ ఒకరు కోలాటం పాట పాడుతున్నారు. క్లిక్ పెడితే ఆమె పాడలేరు. "నాయనా, ఆ టిక్కుటిక్కు ఆపు, నాకు నడక తప్పుతోంది" అంటారు. ఆమె మాటే నిజం. అప్పుడు పాటను ఆమె నడకలోనే రికార్డు చేసి, ఆ నడకకు తగ్గట్టు గ్రిడ్‌ను (తెర మీద తాళం లెక్క చూపే గీతలను) వంచాలి. మ్యాక్‌లో నడిచే లాజిక్‌లో దీన్ని స్మార్ట్ టెంపో (టెంపో అంటే పాట వేగం) అంటారు, క్యూబేస్‌లో టెంపో డిటెక్షన్ ఉంది. రీపర్‌లో టెంపో మార్కర్లు చేత్తో పెట్టుకోవాలి. మూడు నిమిషాల పాటకు ఓపిక ఉంటే అరగంట పని.

ఏబుల్టన్ లైవ్‌లో మాత్రం జాగ్రత్త. పొడవైన ఆడియో ఫైలును లాగి పడేస్తే అది తనంతట తాను వార్ప్ చేసి, పాటను ప్రాజెక్టు వేగానికి సాగదీయవచ్చు. సెట్టింగ్స్‌లో ఆటో వార్ప్ లాంగ్ శాంపిల్స్ అనేదాన్ని ముందే ఆపేయండి. రీపర్‌లోనూ ఇలాంటి ఉచ్చు ఉంది. రికార్డింగ్ అయ్యాక టెంపో మారిస్తే ఆడియో ముక్కలు జరిగిపోతాయి. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కి ప్రాజెక్ట్ సెట్టింగ్స్ తెరిచి, టైమ్‌బేస్‌ను టైమ్ అని మార్చుకుంటే ఆ బాధ ఉండదు.

తాళం సంగతి. మిశ్రచాపులో పాట వస్తే ప్రాజెక్టును ఏడు బై ఎనిమిదికి మార్చండి. మామూలు మెట్రోనోమ్ మొదటి దెబ్బ ఒక్కటే గట్టిగా కొడుతుంది. మనకు కావాల్సింది మూడు, నాలుగు విరుపు. అందుకని మెట్రోనోమ్ ఆపేసి, ఒక చెక్క శబ్దంతో ఏడు దెబ్బల మిడి (స్వరాలను సూచనలుగా దాచే పద్ధతి) లూప్ చేసుకోండి. ఒకటో దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా, మిగతావి మెల్లగా. ఎఫ్‌ఎల్‌లో స్టెప్పులు పదహారో వంతు లెక్కన ఉంటాయి కాబట్టి పాటర్న్ పొడవు 14 పెట్టాలి. 16 అలాగే వదిలేస్తే ప్రతి ఆవృత్తం చివర రెండు స్టెప్పుల ఖాళీ మిగులుతుంది, డోలక్ వాయించే మనిషి మిమ్మల్ని వింతగా చూస్తాడు.

గొంతు దిద్దడం

చర్చి పాటలకైనా, భక్తి పాటలకైనా ఎక్కువ సమయం తినేది ఇదే. ఇక్కడ రెండు పనులున్నాయి.

మొదటిది, ఐదారు టేకుల్లోంచి (ఒకే పాట మళ్లీ మళ్లీ పాడినవాటిలోంచి) మంచి ముక్కలు ఏరి ఒకటిగా అతకడం. లాజిక్‌లో, క్యూబేస్‌లో మౌస్‌తో గీస్తే చాలు, ఆ ముక్క ఎంపికవుతుంది. 2021లో వచ్చిన లైవ్ 11 నుంచి దానిలోనూ టేక్ లేన్లు (టేకులను ఒకదాని కింద ఒకటి చూపే వరుసలు) ఉన్నాయి. రీపర్ 7లో లేన్లు వచ్చాక ఈ పని బాగా తేలికైంది. ఎఫ్‌ఎల్ ఈ ఒక్క విషయంలో వెనకబడే ఉంది.

రెండోది శ్రుతి. క్యూబేస్‌లో వేరిఆడియో, లాజిక్‌లో ఫ్లెక్స్ పిచ్, ఎఫ్‌ఎల్ పెద్ద ఎడిషన్లలో న్యూటోన్ లోపలే ఉంటాయి. రీపర్‌తో వచ్చే రీట్యూన్ ఈ పనికి మొరటు, వేరే ప్లగిన్ (లోపల చేర్చుకునే అదనపు సాఫ్ట్‌వేర్) కొనాల్సి రావచ్చు. రీపర్ చవక అనుకునేటప్పుడు ఈ ఖర్చు కూడా కలిపి చూడండి. ఏది వాడినా తప్పు ఒకే చోట జరుగుతుంది. గమకం తెర మీద అలలా కనిపిస్తుంది. దాన్ని పొరపాటు అనుకుని గీతలా చదును చేస్తే పాట రోబో పాడినట్టవుతుంది. అలను అలాగే ఉంచి, మొత్తం స్వరాన్ని పైకో కిందికో జరపండి. ఆటోమేటిక్ దిద్దుబాటు పెడితే దిద్దే వేగం బాగా తగ్గించండి. ముందుగా ప్రాజెక్టు శ్రుతి సరిచూసుకోవాలి. పాడేవాళ్లు ఒకటిన్నర అంటే సి షార్ప్, అయిదున్నర అంటే జి షార్ప్. పాత హార్మోనియం అయితే 440 హెర్ట్జ్ ప్రమాణం మీద ఉండకపోవచ్చు. ట్యూనర్ పెట్టి చూసి, ఎంత తేడా ఉందో సెంట్లలో (అరస్వరంలో నూరో వంతుల్లో) రాసుకుని, కీబోర్డును ఆ తేడాకు సరిచేయండి. హార్మోనియాన్ని కీబోర్డుకు సరిచేయడం కుదరదు.

మీ లాప్‌టాప్ ఏమంటుంది

లాజిక్, గ్యారేజ్‌బ్యాండ్ విండోస్‌లో నడవవు. మ్యాక్ లేకపోతే వాటి గురించి ఆలోచించనక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ లాప్‌టాప్ మీద అన్నిటికన్నా తేలిగ్గా నడిచేది రీపర్. పెద్ద శాంపిల్ లైబ్రరీలు (రికార్డు చేసిపెట్టిన వాద్య శబ్దాల భాండారాలు) వాడతామంటే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా 16 జీబీ కావాలి.

పాడేవాళ్లు "నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది" అంటే బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు నిలిపి ఉంచే జాగా) చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్లు అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కాబట్టి చెవికి చేరేసరికి రెట్టింపు దాటుతుంది. రికార్డింగ్‌లో 128, మిక్సింగ్‌లో 1024 పెట్టుకోండి. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్‌నే (విండోస్‌లో ఆ ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్‌నే) వాడండి.

128 దగ్గర చిటపటలు వస్తే సాఫ్ట్‌వేర్‌ను తిట్టే ముందు గది వేడి చూడండి. రోహిణి కార్తెలో ఫ్యాను, ఏసీ ఆపి రికార్డు చేస్తే లాప్‌టాప్ వేడెక్కి, ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఆ చిటపటలు అక్కడివి. లాప్‌టాప్ కింద గాలి ఆడనివ్వండి, టేకుకు టేకుకు మధ్య ఫ్యాను వేయండి, కుదిరితే రాత్రి పెట్టుకోండి.

కొనే ముందు పరీక్ష

రెండింటిని మాత్రమే ఎంచుకుని, ఒకే పాటలోని ఒక పల్లవి, ఒక చరణం రెండింట్లోనూ మొదటి నుంచి చివరిదాకా చేయండి. రీపర్ 60 రోజులు అన్ని హంగులతో పరీక్షకు ఇస్తుంది. తర్వాత సొంత వాడకానికి, చిన్న వ్యాపారానికి లైసెన్సు 60 డాలర్లు. లాజిక్‌కు కూడా ఉచిత ట్రయల్ ఉంది. ఎఫ్‌ఎల్ ట్రయల్‌లో సేవ్ చేసుకోవచ్చు గానీ, కొనేదాకా ఆ ప్రాజెక్టును మళ్లీ తెరవలేరు. కాబట్టి దాని పరీక్ష ఒకే కూర్చోవడంలో పూర్తి చేయాలి. క్యూబేస్‌కు ఒకప్పుడు యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు ఉండే తాళంచెవి లాంటి చిన్న పరికరం) తప్పనిసరి. 2022లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఆ అవసరం పోయింది. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చే క్రాక్ కాపీ జోలికి పోకండి. వైరస్ సంగతి అలా ఉంచితే, విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడు అది తెరుచుకోదు, పాటల వాళ్లేమో గుమ్మంలో ఉంటారు.

పరీక్షలో గడియారం పెట్టుకుని చూడాల్సినవి: ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి టేకు రికార్డు కావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఐదు పల్లవి టేకులను ఒకటి చేయడానికి ఎంతసేపు పట్టింది, ఒక్క స్వరం దిద్దడానికి తెర మీద ఎన్ని విండోలు తెరవాల్సి వచ్చింది. మూడు రోజులు ఆగి మళ్లీ కూర్చున్నప్పుడు, చేతికి గుర్తున్నది ఏదో కూడా గమనించండి.

మిక్సింగ్ బయటికి పంపేవాళ్లు ఇంకొకటి తప్పకుండా చేయాలి, స్టెమ్స్ (ఒక్కో ట్రాకుకు ఒక్కో ఫైలు) తీసి చూడటం. రీపర్ రెండర్‌లో సెలెక్టెడ్ ట్రాక్స్ (స్టెమ్స్), ఎఫ్‌ఎల్ ఎక్స్‌పోర్ట్‌లో స్ప్లిట్ మిక్సర్ ట్రాక్స్, లైవ్‌లో ఆల్ ఇండివిడ్యువల్ ట్రాక్స్ ఎంచుకోవాలి. గొంతు రెండో చరణంలో మొదలైనా సరే, ప్రతి ఫైలూ పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి. ఫైలు పేరులో టెంపో, శ్రుతి ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. తెలుగు పేరున్న ఫోల్డర్లను కొన్ని పాత ప్లగిన్లు చదవలేవు. శాంపిల్ రేటు కూడా చెప్పి పంపండి. 44.1లో చేసిన ఫైలు 48 అనుకుని నడిస్తే పాట పరుగెత్తుతుంది, శ్రుతి ఒకటిన్నర సెమిటోన్ (అరస్వరం) దాకా పెరుగుతుంది. పంపేముందు ఖాళీ ప్రాజెక్టు తెరిచి, అన్ని ఫైళ్లనూ మొదటికి ఆనించి వినండి. చెక్కలూ డోలకూ ఎక్కడైనా జారితే ఆ తేడా మీ గదిలోనే దొరుకుతుంది.